గాత్రదానం

జగన్మోహన్ సినిమా తీస్తున్నాడంటే ఆ ఇంట్లో ముందుగా నోరు మూతపడేది ఫ్రిజ్‌కి. అది గుర్రుమంటుంటే సౌండ్ పాడవుతుందని ఫణి ప్లగ్ పీకేసి, మళ్ళీ పెట్టడం మర్చిపోకుండా తన కారు తాళాలు ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పక్కన పెట్టేవాడు. ఇంటికెళ్ళాలంటే తాళాలకోసం తలుపు తీయాలి, తీస్తే ప్లగ్ గుర్తొస్తుంది. ఫ్రిజ్ తర్వాత ఏసీ, ఏసీ తర్వాత డిష్‌వాషర్, ఆ తర్వాత విజయశ్రీ. ఆవిడ ఊపిరి తీసుకున్నా చప్పుడేనని మొగుడు ఆవిణ్ణి మేడమీదకు తరిమేసేవాడు. ఇక అమెరికాలో వాళ్ళుండే హెర్న్‌డన్ ఊరి మీదుగా ఎయిర్‌పోర్టులో దిగే విమానాలున్నాయే, అవి మాత్రం ఏ డైరెక్టరు మాటా వినేవి కావు.

వారమంతా ఎవరిదో కంపెనీ డేటాబేసులకు కాపలా కాసే మనిషి శనివారం తెల్లారేసరికి డైరెక్టరైపోతాడు. ఇదేం వింత కాదు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళ బేస్‌మెంట్లు వెతికితే ఇంటికో ట్రైపాడ్ దొరుకుతుంది. ఫణికి ఆఫీసులో టెస్టింగ్ పని, ఇక్కడ సౌండూ ఎడిటింగూ. పెయింటు పూసే రోలర్ కర్రకు మైకు కట్టి, చేతులు లాగేదాకా పట్టుకు నిలబడేవాడు పాపం.

ఈసారి కథ ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తండ్రీ కొడుకులది. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావని జగన్మోహన్‌ని ఎవరూ అడగలేదు, అడగక్కర్లేదు కూడా. కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన తన కొడుకు అనీష్‌ని "కొడుకు వేషం నువ్వు వేస్తావురా?" అని మాటవరసకు అడిగాడు. వాడు కాసేపు ఆలోచించి "ఓకే" అన్నాడు. తండ్రి అడిగినదానికి వాడు ఒక్కమాటతో ఒప్పుకున్న పాపాన ఎన్నడూ పోలేదు. జగన్మోహన్ ఆ రోజంతా ఆఫీసులో కూనిరాగాలు తీస్తూనే ఉన్నాడట.

తండ్రి వేషం వేయాల్సిన రాధాకృష్ణకు ఆఖరి నిమిషంలో ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పడింది. సరే, తప్పేదేముందని జగన్మోహన్ తనే వంటింటి బల్లకు ఇటుపక్క కూర్చున్నాడు. కెమెరా ఆయన భుజం వెనకనుంచి చూస్తుంది. తెరమీద కనపడేది ఆయన తల వెనకభాగమూ, ఎదురుగా అనీష్ ముఖమూ. ఉద్యోగం వదిలేసిన కొడుకు ఆ సంగతి తండ్రికి చెప్పే సీను. "ఉద్యోగం మానేశాను నాన్నా, మీకు చెప్పడానికి నోరు రాలేదు" అని డైలాగు. అనీష్ దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, తల్లి దగ్గర కూర్చుని బట్టీపట్టాడు.

ఒక విమానం పోయేదాకా ఆగి ఫణి తలూపాడు. జగన్మోహన్ "యాక్షన్" అన్నాడు.

అనీష్ బల్లమీద గోటితో గీసుకుంటూ కూర్చున్నాడు. తల ఎత్తి తండ్రిని చూశాడు. ఆయన కూడా రెప్ప వేయకుండా వాడినే చూస్తున్నాడు. అట్లా ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు చూసుకుని ఎన్నాళ్ళయిందో వాళ్ళకే తెలియాలి.

"నాన్నా, నేను కాలేజ్‌కి వెళ్ళట్లేదు. ఫిబ్రవరి నుంచి. మార్నింగ్ లేవలేకపోతున్నా. ఐ ట్రై. బట్... బెడ్‌లోనే ఉంటున్నా. ఎందుకో తెలీదు నాన్నా."

చివరి మాట అని వాడు మళ్ళీ బల్లమీద గోటితో గీయడం మొదలెట్టాడు. కర్రమీద ఫణి చెయ్యి బిగుసుకుంది. జగన్మోహన్ మాత్రం కిటికీలోంచి వాడి ఎడమ చెంపమీద పడిన వెలుతురు అప్పుడే జారిపోతోందని చూస్తున్నాడు.

"కట్" అన్నాడు. "బాగా చేశావురా. కానీ స్క్రిప్ట్‌లో ఉద్యోగం కదా, కాలేజ్ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అనీష్ నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. ఈలోగా డైరెక్టరుగారికి మరో ఆలోచన వచ్చేసింది. పందొమ్మిదేళ్ళవాడికి ఉద్యోగం కంటే కాలేజే నప్పుతుంది, ఉంచేద్దాం అన్నాడు. స్పాట్‌లో ఇంప్రొవైజ్ చేశాడు చూశావా, ఎవరి కొడుకనుకున్నావని ఫణి వైపు తిరిగి మీసం దువ్వినంత పని చేశాడు. ఆ తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని కొడుక్కి మాటలు దిద్దడం మొదలెట్టాడు. ఆ ఇంగ్లీషు ముక్కలు తీసెయ్యాలి. బెడ్‌లో ఉంటున్నా కాదు, మంచం మీదే పడి ఉంటున్నాను. అక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి. కళ్ళల్లో నీళ్ళు నిలవాలి, కారకూడదు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు.

అనీష్ చెప్పాడు. విమానం అడ్డొచ్చింది, మళ్ళీ చెప్పాడు. "పడి" అన్నచోట నాలుక తిరగలేదు, మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత వెలుతురుకోసం ఒకసారి, ఫోకస్‌కోసం ఒకసారి. చెప్పగా చెప్పగా వాడి ముఖంలో ఏమీ మిగల్లేదు. కాలేజీకి వెళ్ళట్లేదన్న మాటను ఎవరిదో ఫోన్ నంబరు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. జగన్మోహన్ చప్పట్లు కొట్టి, ఇదే తనకు కావలసిందని, మొదట్లో మరీ పచ్చిగా ఉందని అన్నాడు.

"నాకైతే మొదటిదే మంచిగనిపించిందన్నా" అన్నాడు ఫణి, కర్ర దించుతూ.

అనీష్ లేచి, ఇక అయిపోయినట్టేనా అని ఇంగ్లీషులో అడిగాడు. అయిపోయిందన్నాక మేడమెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఫణి ఫ్రిజ్ తలుపు తీసి తాళాలు తీసుకుని, వంగి ప్లగ్ పెట్టాడు.

ఆ వారం సాయంత్రాలన్నీ జగన్మోహన్ ఫణి బేస్‌మెంట్‌లోనే గడిపాడు. సీన్లు అతికిస్తున్నకొద్దీ సినిమా బాగా వస్తోందని తెలుస్తూనే ఉంది. కానీ అనీష్ నోరు విప్పినప్పుడల్లా ఆయన ఫణి చేత ఆ ముక్క ఆపించి మళ్ళీ పెట్టించేవాడు. ఎంత దిద్దినా వాడి తెలుగు అమెరికా తెలుగే. పోయిన ఏడాది తెలుగు సంఘం నాటకంలో ఒక పిల్ల ఇలాంటి యాసతోనే సీత వేషం వేస్తే హాలంతా పగలబడి నవ్వింది. ఆ పిల్ల ఏడుస్తూ స్టేజి దిగిపోయింది. నవ్వినవాళ్ళలో తనూ ఉన్నాడు. ఇప్పుడు అదే జనం, వచ్చే శనివారం అదే హాలు. తన కొడుకు ఏడుస్తుంటే వాళ్ళు నవ్వితే? ఆ ఊహనే ఆయన తట్టుకోలేకపోయాడు. ఈ ఒక్క సంగతి ఆయన తరఫున చెప్పుకోవాలి. చేసిన పని పిల్లాడిమీద ప్రేమతోనే చేశాడు.

డబ్బింగ్ పెడదామన్నాడు.

"పిలగాన్ని అడిగినవా అన్నా?" అన్నాడు ఫణి.

అడగడమెందుకు, మన సినిమాల్లో ఇది కొత్తా అన్నాడు జగన్మోహన్. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది పెట్టుకున్న సినిమాలు చూసే కదా మనం పెరిగింది, ఏ హీరోయినైనా తన గొంతు పోయిందని ఏడ్చిందా అన్నాడు. వాడికి తర్వాత చెప్తాలే అన్నాడు. ఆ తర్వాత అనేది ఆయన క్యాలెండర్‌లో ఎప్పుడూ ఉండదని ఫణికి తెలుసు. అయినా తనను సినిమాకు పిలిచే అన్న ఒక్కడే ఉన్నాడాయె, పోనీలే అని ఊరుకున్నాడు.

గొంతుకోసం లోకేష్‌ని పట్టారు. తెనాలి నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చి ఏడాది కాలేదు, సంఘం మీటింగుల్లో పద్యాలు పాడి ఆంటీలందరి చేతి బిర్యానీలూ తినేవాడు. ఫణివాళ్ళ బట్టల గదిలో, పట్టుచీరలకూ చలికోట్లకూ మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టారు. బట్టలుంటే గొంతు గదిలో మోగదు. ల్యాప్‌టాప్‌లో అనీష్ పెదవులు చూస్తూ లోకేష్ మాటలు కొలుచుకున్నాడు. కుదురుగా పని చేసే కుర్రాడు. ఒరిజినల్ గొంతును హెడ్‌ఫోన్స్‌లో మళ్ళీ మళ్ళీ విని, ఒకచోట ఆపాడు.

"అంకుల్, పైకి మామూలుగానే చెప్తున్నా, ఇక్కడ తను ఏడుపు ఆపుకుంటున్నట్టున్నాడు. ఆ ఊపిరి కూడా నన్ను పట్టమంటారా?"

"ఆ మూలుగులు మనకొద్దయ్యా. నీ పద్ధతిలో నువ్వు చెప్పు."

లోకేష్ చెప్పాడు. కాలేజీకి వెళ్ళడం లేదు నాన్నా, పొద్దున్నే లేవలేకపోతున్నాను, మంచం మీదే పడి ఉంటున్నాను, ఎందుకో తెలియదు నాన్నా. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు దించాలో అక్కడ దించి, అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ జగన్మోహన్‌కు కళ్ళు చెమర్చాయి. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తన వంటింట్లో, తన ఎదురుగా కూర్చుని, తన కన్నకొడుకు ఇవే మాటలు చెప్పినప్పుడు ఆయన కళ్ళు చెమర్చలేదు. ఏమనాలి ఇట్లాంటి మనిషిని!

ఒరిజినల్ ట్రాక్ ఇక అవసరం లేదని ఫణితో చెప్పేశాడు. టైటిల్స్‌లో లోకేష్ పేరు ముందు "గాత్రదానం" అని పడాలని, మాట నిండుగా ఉంటుందని, దగ్గరుండి అక్షరాల సైజు పెంచించాడు.

శనివారం మధ్యాహ్నం స్కూలు ఆడిటోరియం నిండిపోయింది. బయట సమోసాలు, టీ, పిల్లల పరుగులు. జగన్మోహన్ ఇస్త్రీ లాల్చీ వేసుకుని వచ్చినవాళ్ళందరికీ చేతులు కలిపాడు. అనీష్ వచ్చినందుకు ఆయనకు లోపల పొంగుగా ఉంది. వాడు చొక్కా కూడా మంచిది వేసుకున్నాడు. మూడో వరుసలో తల్లికీ తండ్రికీ మధ్య కూర్చున్నాడు. కార్లో వస్తూ, వాయిస్ సంగతి చెప్పేద్దామని రెండుమూడు సార్లు నోటిదాకా తెచ్చుకున్నాడాయన. ఒకసారి సిగ్నల్ పడింది, ఒకసారి రాధాకృష్ణ ఫోన్ చేశాడు.

తెరమీద అనీష్ మొదటి మాట లోకేష్ గొంతుతో పలికాడు.

పక్కనున్న అనీష్ కొంచెం ముందుకు వంగాడు. స్పీకర్లలో ఏదైనా తేడానేమోనని పైకి చూశాడు. రెండో మాటకు అర్థమైంది. తల తిప్పి తండ్రిని చూశాడు. జగన్మోహన్ తెర వైపే చూస్తూ, వాడి మోకాలిమీద చెయ్యివేసి తట్టాడు. బాగా వచ్చింది కదూ అన్నట్టు. అనీష్ కాలు జరపలేదు. చెయ్యి తీసెయ్యలేదు. కుర్చీలో వెనక్కి ఆని, చివరిదాకా చూశాడు.

వంటింటి సీను వచ్చేసరికి హాల్లో చప్పుడు లేదు. మంచం మీదే పడి ఉంటున్నాను నాన్నా అన్న మాటకు ముందు వరుసలో ఒకావిడ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో వెక్కారు. విజయశ్రీ మాత్రం ఏడవలేదు. అవతలిపక్కనుంచి మొగుణ్ణి అదేపనిగా చూస్తోంది. ఆ చూపు ఆయన చూడలేదు. జనం ఏడుస్తున్నారా లేదా అని లెక్కేసుకునే హడావుడిలో ఉన్నాడు.

దీపాలు వెలిగాక చప్పట్లు ఆగలేదు. ఆంటీలు అనీష్‌ని చుట్టుముట్టి, ఇక్కడ పుట్టి పెరిగి ఇంత చక్కటి తెలుగెలా వచ్చింది నాయనా, మా వాళ్ళకీ కాస్త నేర్పు అన్నారు. వాడు అందరికీ "థాంక్యూ ఆంటీ" అన్నాడు. పేర్లు పడేటప్పుడు ఎవరూ చదవలేదన్నమాట. రాధాకృష్ణ మైకు పుచ్చుకుని, మన చిన్నారి హీరో రెండు మాటలు చెప్తాడని స్టేజిమీదకు పిలిచాడు.

అనీష్ వెళ్ళాడు. మైకు తీసుకుని "అందరికీ నమస్కారమ్" అన్నాడు తన గొంతుతో. హాలు గొల్లుమంది. మంచివాళ్ళే అందరూ, వెటకారంగా ఏం నవ్వలేదు. తెరమీది గొంతుకూ ఈ గొంతుకూ ఉన్న తేడాకి ముద్దొచ్చి నవ్వారు. ఏ నవ్వు పడకూడదని జగన్మోహన్ ఇంత చేశాడో ఆ నవ్వే, ఆయన చేసినదానివల్లే, పడింది. ఆయన సీట్లోంచి సగం లేచి, ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

నవ్వు తగ్గేదాకా వాడు ఓపిగ్గా నిలబడ్డాడు. "వాయిస్ నాది కాదు. లోకేష్‌ది. తను బాగా చెప్పాడు" అని మైకు రాధాకృష్ణ చేతికిచ్చి మెట్లు దిగాడు.

మర్నాడు పొద్దున్న విజయశ్రీ ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతోంది. జగన్మోహన్ ఫోన్లో వచ్చిన మెచ్చుకోళ్ళు ఒక్కొక్కటే పైకి చదువుతున్నాడు. ఆవిడ కత్తి కింద పెట్టింది.

"వాడి బాధ తీసుకెళ్ళి ఊరందరి ముందూ పెట్టారే. అదీ ఇంకొకడి గొంతుతో. ఎట్లా చేయబుద్ధయింది మీకు?"

బాధేమిటి, ఎవరి బాధ అన్నాడాయన. అది డైలాగు కదా అన్నాడు.

విజయశ్రీ చాలాసేపు ఆయన ముఖం చూసింది. అబద్ధమాడుతున్నాడేమోనని వెతికింది. ఆ మనిషికి నిజంగానే తెలియదని అర్థమయ్యాక ఆవిడ స్టవ్ కట్టేసి కూర్చుంది.

"వాడు ఫిబ్రవరి నుంచి క్లాసులకు వెళ్ళలేదండీ. రూమ్‌లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. షూటింగ్ అయిన రెండోరోజు నాతో చెప్పాడు. నాన్నకి చెప్పావురా అంటే, చెప్పానమ్మా, మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు అన్నాడు."

జగన్మోహన్ చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది.

"మీరు అరవలేదు" అంది ఆవిడ. "కొడుకు చదువు మానేశాడని తెలిసి కూడా ఈ మనిషి కేకలెయ్యలేదే, పోనీలే, మారాడనుకున్నాను. మీ అంతట మీరే మాట్లాడతారని రోజూ చూశాను. దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను."

అనీష్ పై గదిలోనే ఉన్నాడు. వంటింట్లోంచి ఆ గదికి పట్టుమని పదిహేను మెట్లు కూడా లేవు. చెప్పులేసుకుని ఈయన కారు తీసి ఎక్కడికి వెళ్ళాడనుకున్నారు? ఫణి ఇంటికి! మొదటి టేక్ వినాలి. వాడు అసలేమన్నాడో, ఎట్లా అన్నాడో వినాలి. తర్వాత టేకులన్నీ గుర్తొస్తున్నాయి, తను దిద్దినవన్నీ గుర్తొస్తున్నాయి. మొదటిసారి వాడన్న మాటలు మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తుకు రావడం లేదు. చెంపమీది వెలుతురు గుర్తొస్తోంది.

ఫణి నైట్‌ప్యాంటులో తలుపు తీశాడు. సంగతి విని గోడకు చేరగిలబడ్డాడు.

"నువ్వే వద్దంటివి కదన్నా. డిస్కుల ఒరిజినల్ తీసేసిన, మెమరీ కార్డులన్నీ తుడిచేసిన. మా బావమరిది బిడ్డ ఫంక్షన్ షూట్ చేసినం వాటిమీద."

ఎక్కడా ఒక్క ముక్క కూడా లేదా అని అడిగాడు జగన్మోహన్. ఇద్దరూ బేస్‌మెంట్‌లోకి దిగి హార్డ్ డిస్కులన్నీ గాలించారు. ఎక్కడ చూసినా అనీష్ ముఖం ఉంది, లోకేష్ గొంతు ఉంది. ఫణి వాల్యూమ్ తగ్గించేశాడు.

"ఆ దినం నాకు తెల్సిందన్నా, అది యాక్టింగ్ కాదని" అన్నాడు చివరికి. "నువ్వు ఫాదర్‌వి, నీకు తెల్వదా అని ఊకున్న."

జగన్మోహన్ ఇంటికొచ్చి మేడెక్కాడు. తలుపుమీద మెల్లగా కొట్టాడు. అనీష్ తీశాడు. జుట్టు చెదిరి, కళ్ళు ఉబ్బి, చిన్నప్పుడు జ్వరం వచ్చి లేచినట్టున్నాడు. దారంతా జగన్మోహన్ ఎన్నో మాటలు పేర్చుకుంటూ వచ్చాడు. తప్పైపోయింది నాన్నా అనాలి, నాకు వినపడలేదురా అనాలి, మళ్ళీ చెప్పమని అడగాలి. ఆఖరి మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. మళ్ళీ చెప్పు అన్నమాట ఆ పిల్లాడితో ఇంకోసారి ఏ మొహం పెట్టుకుని అంటాడు?

"టిఫిన్ తిన్నావా?" అన్నాడు.

"తిన్నా నాన్నా."

తండ్రి ఇంకా ఏమైనా అంటాడేమోనని వాడు తలుపు పట్టుకుని ఆగాడు. ఆయన తలూపి, సరే అని దిగి వచ్చేశాడు.

సోమవారం అనీష్‌కి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉందని విజయశ్రీ చెప్పింది. కాలేజీవాళ్ళతో మాట్లాడి, ఇన్సూరెన్సువాళ్ళతో మాట్లాడి, మందులూ కౌన్సెలింగూ అన్నీ తనే చూసుకుంటోందట. ఇదంతా తన ఇంట్లో, తను డబ్బింగ్ పనిలో ఉన్నప్పుడు జరిగింది. జగన్మోహన్ ఆఫీసుకు సెలవు పెట్టి, తనే డ్రైవ్ చేస్తానన్నాడు. తల్లీ కొడుకూ ఒకరినొకరు చూసుకుని సరేనన్నారు. దారిలో ఏసీ ఎక్కువుందా అని ఆయన అడిగాడు. లేదన్నాడు వాడు.

ఒకే అంతస్తు భవనం, ముందంతా అద్దాలు. గుమ్మానికి ఎదురుగానే కారు ఆపాడు. దిగబోతుంటే అనీష్ వెనక సీట్లోంచి ముందుకు వంగాడు.

"నాన్నా, నువ్వు కార్‌లో ఉండు. ఓకే?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, బతిమాలుకోవడానికి చోటుండేది. ఆయన "ఓకే రా" అని బెల్టు మళ్ళీ పెట్టుకున్నాడు, కారు ఎక్కడికీ కదిలేది లేకపోయినా.

అద్దాల వెనక వాళ్ళిద్దరూ కనపడుతూనే ఉన్నారు. విజయశ్రీ కుర్చీలో కూర్చుంది. అనీష్ కౌంటర్ దగ్గరకు వెళ్ళాడు. అక్కడున్న నెరిసిన జుట్టు ఆవిడ ఏదో అడిగింది. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. పేరు, పుట్టినరోజు చెప్తే అయిపోయేదే కాబోలు, కానీ వాడు ఇంకా చెప్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ఒక చెయ్యి గాలిలో లేచి ఆగుతోంది, మళ్ళీ మాట వెతుక్కుంటున్నాడు. ఆవిడ పెన్ను కింద పెట్టింది. మధ్యలో ఆపలేదు. వెనక నిలబడ్డవాళ్ళ వైపు చూడలేదు. మోచేతులు బల్లమీద ఆనించి, వాడి మాట పూర్తయ్యేదాకా వింది.

జగన్మోహన్ కారు అద్దం దించాడు. ఏమీ వినపడలేదు.